గృహవిజ్ఞానము: మొరాయించు మోటారుబండి



ఇటీవల మేము గద్వాలలో నొక చేనేతవారి యింటికి బోయి యుంటిమి. ఆ యిల్లాలు మాకు వరుసకు వదిన. నూలు ఒడలికి పట్టు అంచు కలిపి నేసిన చీరెలు మూడు మగ్గము దిగి, మూటగట్టబడి, వాకిట సిద్ధముగా నున్నవి. వానిని వనపర్తికి జేర్పవలసిన ఆమె పెనిమిటి పాత గేరుబండిని తన్ని తన్ని చెమటలు గ్రక్కుచుండెను. బండి యొకమారు దగ్గును, రెండుమార్లు తుమ్మును, ఆగిపోవును. వదిన మమ్ము లోనికి బిలిచి మెల్లగా నిట్లనెను: “ఏమి చెప్పుదును వదినా! ఇంజను బోరునకు వచ్చినదట. విప్పవలెనని షెడ్డువాడు చెప్పినాడు. వేలతో పని. నా చెవికమ్మలు కుదువబెట్టుదమని ఆయన అడుగుచున్నాడు.”

ఆ కమ్మలు దక్కినవి. ఎట్లు దక్కినవో చెప్పుటయే నేటి మా ప్రసంగము.

2020 ఏప్రిలు నుండి క్రొత్తగా వచ్చు బండ్లలో దాదాపు అన్నిటికిని పెట్రోలును కొలిచి చిమ్ము విద్యుత్ సాధన మమర్చబడినది. అంతకు పూర్వపు బండ్లు మాత్రము కార్బొరేటరుతో నడచునవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పల్లెలలో నిట్టివి నేటికిని పాలు, కూరలు, చీరెల మూటలు మోయుచునే యున్నవి. కావున వీని తత్త్వమును గృహిణి యెఱుగుట మేలు.

పొయ్యి మండుటకు కట్టె, గాలి, నిప్పు కావలెను గదా! ఇంజనునకును పెట్రోలు, గాలి, ప్లగ్గు నిచ్చు నిప్పురవ్వ కావలెను. లోపలి గాలిని గట్టిగా నొత్తి పట్టు బిగువు నాలుగవది. మన యింటి నీళ్లట్యాంకులో బంతి తేలి నీటిని నిలిపినట్లే, కార్బొరేటరు గిన్నెలోను ఒక తేలుడుబిళ్ల పెట్రోలును మట్టముగా నుంచును. ఇఱుకుదారిని వేగముగా బోవు గాలి, జెట్టు అను ఇత్తడి ముక్క యొక్క సన్నని రంధ్రము గుండ పెట్రోలును పైకి లాగికొనును. పెట్రోలు ఒక పాలైన గాలి బరువున సుమారు 15 పాళ్లు. ఈ పాలు తప్పిననే బండి మొరాయించును.

మగ్గముపై పోగు తెగినచో మగ్గమునంతయు విప్పుదుమా? తెగిన పోగును వెదకుదుము. ఇచ్చటను అదియే నీతి.

ముందుగా తేలిక సంగతులు చూడవలెను. పెట్రోలున్నదా? దాని ట్యాపు తెఱచి యున్నదా? గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనెనా? కొంత దూరము పోయి ఆగి, ట్యాంకు మూత తీసిపెట్టిన వెంటనే మరల నడచినచో, మూతలోని గాలిరంధ్రము పూడినదని తెలియవలెను.

పిమ్మట ప్లగ్గు. ఇంజను చల్లారిన తరువాత దానిని విప్పించి చూడుడు. లేత గోధుమవన్నె ఆరోగ్యచిహ్నము. పొడి మసి యున్నచో పెట్రోలెక్కువ, గాలి తక్కువ. తెల్లగా నున్నచో పెట్రోలు చాలుట లేదు. ఎంత తన్నినను పొడిగానే యున్నచో పెట్రోలు చేరుటయే లేదు. పెట్రోలుతో తడిసి యున్నచో నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు ముంచెత్తినది.

మేము వదిన నడిగితిమి: “పొగ నీలముగా వచ్చునా? ఆయిలు తఱుగునా? తన్నునపుడు కాలికి ఎదురుబిగువు తగులునా?” పొగ లేదు, ఆయిలు తఱుగలేదు, బిగువు బాగుగా నున్నది. బోరు అఱిగిన ఇంజను లక్షణము లివి కావు. “చోక్ వేసినపుడో?” యని మరల నడిగితిమి. “చోక్ వేసిన నడచును, తీసిన ఆగును. వేగము హెచ్చించిన మాత్రము బాగుగనే పోవును.” అంతయు తేటపడెను. చోక్ గాలిని తగ్గించును. అది యున్నపుడే నడచుట పెట్రోలు చాలమికి గుఱుతు. నెమ్మదిగా నున్నపుడే ఆగుట చిన్న జెట్టు పూడినదనుటకు గుఱుతు. పెనిమిటి కాలు బెణికి బండి రెండు నెలలు మూలబడి యుండెనట! నిలువయున్న పెట్రోలు ఆవిరియై జిగురు మిగిల్చి ఆ రంధ్రమును మూసినది.

వేఱొక మెకానిక్కు జెట్టును విప్పి, గాలి కొట్టి శుభ్రపఱచి, క్రొత్త ప్లగ్గు వేసినాడు. కొన్ని వందలతో పని తీఱెను. చీరెలు సాయంకాలమునకు వనపర్తి చేరినవి.

మఱొక మాట. 2025 నాటికి మనదేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చును. నీరెక్కువైనచో రెండును కలిసి ట్యాంకు అడుగునకు దిగును. పాత రబ్బరుగొట్టములకును హాని గలుగవచ్చును. కావున వానలో మూతను భద్రముగా నుంచుడు. నెలలకొలది బండి నిలుపవలసినచో కార్బొరేటరు గిన్నెను ఖాళీ చేయించుడు.

జాగ్రత్తలు మఱువరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది, నేల వెంబడి ప్రాకును. పొయ్యి, దీపము దరిని కార్బొరేటరు విప్పింపకుడు. ప్లగ్గు రవ్వ పరీక్షను ఇంట చేయకుడు. మూసిన గదిలో బండి నడుపకుడు. ఆ పొగ ప్రాణాంతకము. జెట్టును సూదితో పొడువనీయకుడు. రంధ్రము పెద్దదై పాలు చెడును.

“ఇది మగవారి విద్య గదా!” యందురేమో. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అను ఇల్లాలు తన యిద్దఱు కుమారులతో, పెనిమిటి నిర్మించిన మోటారుబండిపై మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వఱకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడగా తన టోపీసూదితో దానిని సవరించెను. ఆమె పొడిచినది గొట్టమును, జెట్టును గాదు!

బండిని మీరే విప్పవలెనని మేము చెప్పుట లేదు. చోక్‌తో నడచునా, వేడిమీద ఆగునా, పొగ యే రంగు అను సంగతులు కనిపెట్టి చెప్పగలిగిన చాలును. అడుగుటకు మాట దొరికిన యింట చెవికమ్మలు చెవులనే యుండును.