హాస్టల్ పిల్లల్ని పడుకోనివ్వండి



ఇంటర్ అడ్మిషన్ల రోజులివి. హాస్టల్లో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రుల చేతిలో చాలా కాలేజీలు ఒక టైంటేబుల్ పెడుతున్నాయి. నాలుగున్నరకు బెల్లు, ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదకొండింటికి లైట్లు ఆర్పడం. అది చూసి 'బాగా రుద్దుతారు' అని సంతోషపడి ఫీజు కట్టేవాళ్లే ఎక్కువ. ఆ టైంటేబుల్ ఇచ్చే నిద్రకు మించి పడుకుంటే టైం వేస్టనే మాట యాజమాన్యాలదే కాదు, మన ఇళ్లలోదీ. ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెప్పే అధ్యాపకురాలిగా నేను దాన్ని ఒప్పుకోలేను.

వీకెండ్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే నాకు తరచూ కనబడేది ఇది. ఇంటిగ్రేషన్ లెక్కలో మూడు స్టెప్పులు చక్కగా వేసిన పిల్ల నాలుగో దాంట్లో మైనస్ గుర్తు వదిలేస్తుంది. ఆ పక్కనే ఒక అక్షరం సాగిపోయి, పెన్ను గీత మార్జిన్ దాకా పాకి ఉంటుంది. కునుకు పట్టి చెయ్యి జారిన గుర్తు అది. ఫార్ములా రాక కాదు, బోర్డు దగ్గరకు పిలిచి అడిగితే గడగడా చెప్తుంది. తెల్లవారుజాము స్టడీ అవర్లో తూగేవాళ్లను లేపి గోడవారగా నిలబెడతారు. నిలబడి చదివితే నిద్ర ఆగుతుందేమో కానీ చదువు ఎక్కదు. పుస్తకం అదే పేజీ దగ్గర ఉంటుంది.

13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రావైద్య నిపుణుల సంఘం 2016లోనే చెప్పింది. మన టైంటేబుల్ ఇచ్చేది ఐదున్నర గంటలు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఎక్కువగా నిద్రలోనే. ఇంకో చాప్టర్ కోసం నిద్ర కోస్తే అంతకుముందు చదివిన చాప్టర్ కూడా నిలవదు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు పెద్దవాళ్లను రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చి పరీక్షించారు. చివరికి వాళ్ల ఏకాగ్రత రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి పడిపోయింది. అయినా తమకు అంత నిద్రమత్తు ఉన్నట్టు వాళ్లకే తెలియలేదు. అందుకే 'నాకేం నిద్ర రావట్లేదు మేడమ్' అనే పిల్లలను చూస్తే నాకు ఇంకా దిగులు.

పూర్వం అందరూ బ్రాహ్మీ ముహూర్తంలో లేచేవాళ్లు కదా అంటారు. నిజమే. దీపాలు పెట్టాక కాసేపటికే పడుకునేవాళ్లు కూడా. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుంటే ఆ నిద్రంతా ఊర్మిళ పోయిందని మన ఆడవాళ్లు పాడుకున్నారు. పదహారేళ్ల పిల్ల నిద్ర ఎవరు పోతారు?

పైగా ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. తొమ్మిదింటికే పడుకోమన్నా పట్టదు, తెల్లారుజామున లేపితే లేవలేరు. దాన్ని బద్ధకమని తిట్టడం అన్యాయం. ఈ సంగతి గుర్తించే కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టకూడదని 2019లో చట్టం చేశారు, 2022 నుంచి అది అమల్లో ఉంది.

పోటీ ఎక్కువ, పక్క కాలేజీ చదివిస్తుంటే మేం పడుకోబెట్టాలా అని యాజమాన్యాలు అడుగుతాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఒకే రోజు రెండు పేపర్లు, ఒక్కోటి మూడు గంటలు. అక్కడ అడిగేది ఎన్ని గంటలు కూర్చున్నావని కాదు. కొత్త లెక్క ఎదురైతే తేరుకుని ఆలోచించగలగాలి. రెండేళ్లు సగం మెలకువలో గడిపిన బుర్రకు అది ఎలా వస్తుంది? సెలవుల్లో మిట్టమధ్యాహ్నం దాకా పడుకోమని నేననడం లేదు. రాత్రిళ్లు ఫోన్ చూస్తూ మేలుకునే పిల్లలనూ వెనకేసుకు రావడం లేదు. నేనడుగుతున్నది రోజూ ఎనిమిది గంటలు, అంతే.

రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు హాస్టళ్లకు నిద్రవేళలు రాతపూర్వకంగా నిర్ణయించాలి. రాత్రి పదింటికల్లా లైట్లు ఆర్పాలి, ఉదయం ఆరుకు ముందు బెల్లు కొట్టకూడదు. తనిఖీకి వచ్చే అధికారులు పగలు కాకుండా ఆ వేళల్లోనే రావాలి. తల్లిదండ్రులు కూడా ఫీజు కట్టేముందు ర్యాంకులతో పాటు పిల్లలకు ఎన్ని గంటల నిద్ర ఇస్తారో అడిగి, ఆ జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకురాలు,
గుంటూరు