వెనక సీట్లో కూర్చున్నావిడ మాట

పోయిన వారం మా కుక్కర్ రబ్బరు సాగిపోయింది. పాడేరు మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లి రబ్బరు కావాలంటే, అక్కడి కుర్రాడు మూడు ప్రశ్నలు వేశాడు. ఏ కంపెనీ? ఎన్ని లీటర్లు? మూత లోపలికి దిగేదా, పైన కూర్చునేదా? మూడింటికీ జవాబు చెప్పాకే రబ్బరు తీశాడు. "వేరేది పెడితే ఏమవుద్ది బాబూ?" అని ఊరికే అడిగాను. "పట్టినట్టే ఉంటాదమ్మా, ఆవిరొచ్చాక తెలుస్తాది" అన్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మా మరిది కారు చక్రాలే గుర్తొస్తున్నాయి. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఇంటి గుట్టు అనుకుంటారేమో అని ఒక భయం, అందులో నా తప్పు కూడా ఉందని ఇంకో సంకోచం. అయినా రాస్తున్నాను. మీలో ఒక్కరికైనా పనికొస్తే చాలు.

మా మరిదికి విశాఖలో ఉద్యోగం. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీ కొన్నాడు. మనకి చూడ్డానికి చిన్న కారే గానీ వాడికి మాత్రం అది స్పోర్ట్స్ కారు. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 హార్స్ పవర్, గేర్లు దానంతట అవే మారతాయి. మన దేశంలో 2013లో వచ్చింది. 2022లో పోలో తయారీయే ఆపేశారు కాబట్టి ఉన్నవాళ్లు దాన్ని పెంపుడు గుర్రంలా చూసుకుంటారు. వాడూ అంతే. ఆదివారం వస్తే దానికి స్నానం చేయించాకే తను చేసేవాడు.

కొన్నాళ్లకి వాడి చూపు చక్రాల మీద పడింది. "చక్రాలు చిన్నగా ఉన్నాయి వదినా, జెట్టావి వేస్తే ఎలా ఉంటాదో చూడు" అని ఫోన్‌లో బొమ్మలు పంపాడు. జెట్టా అంటే అదే కంపెనీ వాళ్ల పెద్ద కారు. దాని అల్లాయ్ చక్రాలు నాలుగు, టైర్లతో సహా ఒక షాపులో అమ్మకానికి ఉన్నాయట. ముప్పై వేలు తక్కువయ్యాయన్నాడు. నా చీటీ డబ్బు అప్పుడే చేతికొచ్చింది. ఇచ్చాను. మంచి వదిన అనిపించుకోవాలన్న ఆశ నాదీ. అవి ఆ కారుకి పడతాయా అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. కుక్కర్ రబ్బరుకి మూడు ప్రశ్నలు వేసే లోకంలో, మా అత్తగారిని, మా తోడికోడలిని, నన్ను మోసే చక్రానికి నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

ఈ విషయాలన్నీ తరవాత నేర్చుకున్నవే. విసుగనుకోకుండా చదవండి, వంటింట్లో కొలతలు చూసేవాళ్లకి ఇదేం కష్టం కాదు.

చక్రం మధ్యలో ఒక పెద్ద చిల్లు, దాని చుట్టూ బోల్టుల చిల్లులు ఉంటాయి. పోలోకి అయిదు బోల్టులు, జెట్టాకీ అయిదే. మధ్య చిల్లు కూడా రెండింటికీ ఒకటే, 57.1 మిల్లీమీటర్లు. కంపెనీ ఒకటి, బోల్టులు అయిదు, మధ్య చిల్లు సమానం. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? కానీ ఆ అయిదు చిల్లుల మధ్యల మీదుగా ఒక వృత్తం గీస్తే, దాని అడ్డు కొలత పోలోకి 100 మిల్లీమీటర్లు, జెట్టాకి 112. దీన్నే పీసీడీ అంటారు. ప్రతి చిల్లూ ఆరు మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంటుందన్న మాట. జాకెట్టు గుండీ కాజాకి అంత దూరంలో ఉంటే ఎంత లాగి పెట్టినా పడుతుందా?

పడదు కాబట్టి షాపువాళ్లు మధ్యలో అడాప్టర్ అని ఒక లోహపు బిళ్ల పెట్టారు. బిళ్లని అయిదు బోల్టులతో కారుకి బిగిస్తారు, బిళ్ల మీద చక్రాన్ని ఇంకో అయిదు బోల్టులతో బిగిస్తారు. అంటే నాలుగు చక్రాలకి ఇరవై బదులు నలభై బోల్టులు. అందులో ఇరవై చక్రం వెనక దాక్కుని ఉంటాయి. చక్రం ఊడదీస్తే తప్ప అవి వదులయ్యాయో లేదో ఎవరికీ తెలీదు. పైగా ఆ బిళ్ల మందం వల్ల చక్రం బయటికి జరుగుతుంది. బరువు పడే చోటు మారి బేరింగు మీద భారం పెరుగుతుంది.

ఇక టైరు. జీటీకి వచ్చిన టైరు 185/60 ఆర్ 15. ఆ లెక్క ప్రకారం చక్రం ఎత్తు సుమారు 603 మిల్లీమీటర్లు. జెట్టా టైరు 205/55 ఆర్ 16, ఎత్తు సుమారు 632. దాదాపు అయిదు శాతం పెద్దది. మీటరు 60 చూపిస్తుంటే కారు నిజానికి 63 దగ్గర పోతుంటుంది. ఘాట్ దిగేటప్పుడు గేరులో పెట్టి ఇంజనుతో ఆపుకుంటాం చూడండి, ఆ పట్టు కూడా అంతే మేర తగ్గుతుంది.

ఇవేవీ తెలియని మేం మే నెలలో మోదకొండమ్మ జాతరకి ముందు చోడవరంలో ఒక పెళ్లి చూసుకుని, అదే కారులో పాడేరు బయల్దేరాం. ముందు మా ఆయన, మరిది. వెనక మా అత్తగారు, నేను, మధ్యలో మా తోడికోడలు. తనకి అప్పుడు అయిదో నెల.

మాడుగుల దాటేసరికి తను నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, సీటు కిందనుంచి ఏదో అదురుతోంది" అంది. మరిది అద్దంలో చూసి, "నా స్టీరింగ్ రాయిలా ఉంది, ఏమీ లేదు" అన్నాడు. మా ఆయన "రోడ్డు బాగోలేదమ్మా" అన్నారు. మా అత్తగారు "కడుపుతో ఉన్నప్పుడు అలాగే ఉంటాదే, నీళ్లు తాగు" అన్నారు. నేనూ ఏం తక్కువ తినలేదు. "కళ్లు మూసుకుని పడుకో, వచ్చేస్తాం" అన్నాను. తను ఇంకేం మాట్లాడలేదు.

ఘాట్ మొదలయ్యాక మలుపు మలుపుకీ టక్కు టక్కుమని శబ్దం. పాటలు పెద్దగా పెట్టారు. అమ్మవారి పాదాల దగ్గర మా వైపు బళ్లన్నీ ఆగుతాయి, ఒక దణ్ణం పెట్టుకోకుండా ఎవరూ పైకి వెళ్లరు. మేమూ ఆగాం. అక్కడ ఒక సర్వీసు జీపు డ్రైవరు బీడీ కాల్చుకుంటూ మా కారు రావడం చూశాడు. "బాబూ, ఎడం వెనక చక్రం ఊగుతోంది, చూసుకోండి" అన్నాడు. మరిది నవ్వాడు. ఆ డ్రైవరే వంగి, కాలితో టైరుని తన్ని, జాకీ తెమ్మన్నాడు.

చక్రం విప్పితే వెనకున్న బిళ్ల కనిపించింది. దాన్ని పట్టిన అయిదు బోల్టుల్లో ఒకటి లేనే లేదు. రెండు వేలితో తిప్పితే తిరిగిపోయాయి. మిగిలిన రెండింటి మీద ఆ మూల బరువంతా నిలబడి ఉంది. ఇంకో ఎన్ని మలుపులు ఆగేవో ఎవరు చెప్పగలరు? పక్కన లోయ ఎంత లోతో పాడేరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మా అత్తగారు అక్కడే కూలబడిపోయారు. ఆ జీపులోనే మేం ముగ్గురం పైకి వచ్చేశాం. పాత బోల్టుల సంచి డిక్కీలో ఉండబట్టి, బిళ్ల తీసేసి స్టెప్నీ బిగించుకుని మగవాళ్లు మెల్లగా వెనక వచ్చారు. తరవాత పాడేరులో మెకానిక్ ఒక మాట చెప్పాడు. ముందు చక్రం అదిరితే చాలావరకు స్టీరింగులో తెలుస్తుంది, వెనక చక్రం అదిరితే సీటులో తెలుస్తుంది అని. అంటే వాడి స్టీరింగు నిలకడగా ఉందన్నదీ నిజమే, తన సీటు అదిరిందన్నదీ నిజమే. ఇద్దరూ నిజమే చెప్పారు. మేం మాత్రం స్టీరింగు పట్టుకున్నవాడి నిజాన్నే లెక్కలోకి తీసుకున్నాం.

నాకు కోపం చక్రాల మీద కాదు. ఆవిడ ఒళ్లు చెప్పిన సంగతిని అందరం కలిసి ఆవిడ కడుపు మీదకి తోసేశామే, దాని మీద. ఆడవాళ్లం నొప్పన్నా, భయమన్నా, వాసనొస్తోందన్నా ముందు మన నెలసరిని, మన కడుపుని, మన నరాల్ని అనుమానిస్తారు. వస్తువుని అనుమానించేది ఆఖరున. అందులో నేనూ ఉన్నాను. సాటి ఆడదాన్ని అయ్యుండీ నేను అన్న "పడుకో" అనే మాటే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఇలా అన్నానని కారుకి ఏదీ మార్చకూడదు అనే మనిషిని కాను. మన కొండల్లో ఒక బండి సామాను ఇంకో బండికి వేసి నడపకపోతే సంతలకి సరుకు వెళ్లదు. ఎన్ని జీపులు అలా బతుకుతున్నాయో రోజూ చూస్తున్నాం. కానీ ఆ జీపు డ్రైవరు ఏం వేశాడో వాడికి తెలుసు, పొద్దున్నే కింద దూరి బిగించుకుంటాడు. అవసరానికి వేసుకున్నవాడికి భయం ఉంటుంది. అందానికి వేసుకున్నవాడు ఫొటో తీసుకుని మర్చిపోతాడు. మా మరిది ముచ్చట తప్పు కాదు, లెక్క చూసుకోకపోవడం తప్పు. వెంటో చక్రాలైతే ఆ అడ్డు కొలత 100 మిల్లీమీటర్లే, బిళ్ల అవసరమే ఉండేది కాదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా వేరే కారు చక్రాలు తెస్తానంటే, డబ్బు ఇచ్చే ముందు ఇవి అడగండి. పీసీడీ సరిగ్గా ఒకటేనా, బిళ్ల పెడుతున్నారా? మధ్య చిల్లు కారు హబ్ మీద గట్టిగా కూర్చుంటుందా? ఆఫ్‌సెట్ ఎంత, అంటే చక్రం లోపలికో బయటికో ఎంత జరుగుతుంది? బోల్టుల తల ఆ చక్రం గుంటకి సరిపోతుందా? కంపెనీ చక్రానికి గుండ్రటి తల, బయటి చక్రాలకి ఎక్కువగా శంకు ఆకారం తల ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చోదు. టైరు మొత్తం ఎత్తు పాతదానికి దగ్గరగా ఉందా, అయిదుగురి బరువు మోస్తుందా? బిగించేది కొలత చూపే టార్క్ రెంచితోనా, రాడ్డు మీద కాలేసి తొక్కా? పోలోకి 120 న్యూటన్ మీటర్లు అని లెక్క ఉంది. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూశారా?

ఇంకో సంగతి. బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అలాంటి మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి అయిదు వేల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. ఇన్సూరెన్సు వాళ్లకి రాసి చెప్పకుండా మారిస్తే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. నా ముప్పై వేలు వీటన్నిటి ముందు ఏపాటి?

ఆ చక్రాలు ఇప్పుడు మా డాబా మీద ఉన్నాయి. సగం ధరకి అడిగారు గానీ, ఏ కారుకో చెప్పకుండా అమ్మొద్దని నేనే ఆపాను. జెట్టా ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే ఇస్తాం. తోడికోడలికి కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. మొన్న అందరం కలిసి వంజంగి మేఘాలు చూడ్డానికి బయల్దేరితే, కారు ఎక్కే ముందు మరిది వెనక డోరు దగ్గర నిలబడి, "ఏమైనా అదిరితే చెప్పు, ఆపేస్తాను" అన్నాడు వాళ్లావిడతో. తను "చెప్తే వింటావా?" అంది. వాడు తల దించుకున్నాడు.

మీ ఇంట్లో వెనక సీట్లో కూర్చునేది ఎవరు? ఆవిడ చివరిసారి ఏదో అంటే మీరేమన్నారు? నాకు రాయండి.