పిలుపులతో పెరగని సంతానం

2024 అక్టోబరులో చెన్నైలో దేవాదాయ శాఖ జరిపించిన సామూహిక వివాహాల వేదికపై, ముఖ్యమంత్రి హోదాలో ఎం.కె.స్టాలిన్ ఒక పాత తమిళ దీవెనను గుర్తుచేశారు. పదహారు రకాల సంపదలతో వర్ధిల్లమనే ఆ దీవెనను, ఇక పదహారుగురు పిల్లలను కనమనే అర్థంలో తీసుకోవాలేమోనని చమత్కరించారు. లోక్‌సభ స్థానాల పునర్విభజనలో రాష్ట్రం వాటా తగ్గుతుందన్న ఆందోళనే ఆ మాటకు మూలం. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కూడా అధిక సంతానం ఆవశ్యకమన్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను మరుసటి నెలలోనే ఆ రాష్ట్ర శాసనసభ తొలగించింది.

జనాభా స్థిరంగా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. నమూనా నమోదు విధానం ప్రకారం 2020లో ఈ సగటు తమిళనాడులో 1.4, ఆంధ్రప్రదేశ్‌లో 1.5. ఐరోపా సమాఖ్యలో 2023లో నమోదైనది 1.38. అయితే ఐరోపా సంపన్నమైన తరువాత వృద్ధాప్యంలో అడుగిడింది. దక్షిణాది రాష్ట్రాలు సంపన్నం కాకముందే ఆ దశకు చేరుతున్నాయి.

ఐరోపా అనుభవం గమనార్హం. నలుగురు పిల్లల తల్లులకు 2020 నుంచి ఆదాయపు పన్ను రద్దుచేసిన హంగరీలో సంతాన సగటు 2021లో 1.6 వరకు పెరిగినా, 2024 నాటికి మళ్లీ 1.4 దిగువకు జారింది. ఇంటిచాకిరీ, శిశుపోషణ ప్రధానంగా తల్లిపైనే పడే ఇటలీలో 2024 నాటి సగటు 1.18 మాత్రమే. తల్లిదండ్రులిరువురికీ కలిపి 480 రోజుల సెలవు, విరివిగా శిశు సంరక్షణ కేంద్రాలు ఉన్న స్వీడన్ స్థితి కొంత మెరుగు. అక్కడ సైతం తగ్గుదల ఆగలేదు.

చెన్నైలో పరిస్థితి ఏమిటి? ఇంటి అద్దె, పాఠశాల రుసుములు మధ్యతరగతిని ఒక్క బిడ్డతో ఆపుతున్నాయి. శ్రీపెరుంబుదూరు, శ్రీసిటీ కర్మాగారాలలో వేలాది యువతులు పనిచేస్తున్నారు. తమిళనాడు ప్రభుత్వోద్యోగినులకు 2021 నుంచి ఏడాది ప్రసూతి సెలవు లభిస్తోంది. ప్రైవేటు సంస్థల ఉద్యోగినులకు 2017 నాటి చట్టసవరణ 26 వారాల సెలవు కల్పించింది. ఈఎస్‌ఐ వర్తించనిచోట ఆ జీతభారం యజమానిదే గనుక, వివాహితలను చేర్చుకొనడానికి సంస్థలు జంకే ప్రమాదముంది. తెలుగు జిల్లాల నుంచి వలస వెళ్లిన భవన నిర్మాణ కూలీలకు, ఇళ్లలో పనిచేసే స్త్రీలకు జీతంతో కూడిన సెలవన్న మాటే లేదు.

విద్య, ఉద్యోగం, తగ్గిన శిశుమరణాలు కలిసి స్త్రీకి ఎన్నుకునే హక్కునిచ్చాయి. ఆ హక్కును వెనుకకు మళ్లించడం సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. పార్లమెంటులో స్థానాల లెక్క రాజకీయంగా తేల్చుకోవలసినది. దాని భారాన్ని తల్లుల గర్భంపై మోపరాదు. రెండో బిడ్డను కోరుకొని కూడా వెనుకాడుతున్న దంపతులకు కావలసినది పనిచోట శిశు సంరక్షణ, తండ్రికీ సెలవు, తిరిగి చేరితే పోని ఉద్యోగం. వీటిని సమకూర్చకుండా ఇచ్చే పిలుపు వేదిక దాటి ఇల్లు చేరదు.