కుటుంబ ఆరోగ్యము: కొలత చూచి కలవరపడకుడి



ఉట్నూర్ చుట్టుప్రక్కల గూడెములకు ప్రార్థనకు వెళ్లినప్పుడు కొందరు సహోదరీలు రొమ్ము గడ్డ రిపోర్టులు మా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ఒక కాగితంలో 18 మిల్లీమీటర్లని, ఇంకొకదానిలో 23 అని ఉన్నది. గడ్డ పెరిగిందా? డాక్టర్లు పొరపడ్డారా?" అని అడుగుచుందురు.

రెండును కానక్కరలేదు. ఒకే గడ్డను వేర్వేరు యంత్రములు వేర్వేరుగా చూపును. మామోగ్రామ్ అనగా రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీయు ఎక్స్‌రే. యౌవన స్త్రీలలో రొమ్ము లోపలి కణజాలము దట్టముగా నుండుటచేత గడ్డ అంచు అందులో మరుగుపడవచ్చును. అల్ట్రాసౌండ్ తరచు కొంత తక్కువగాను, ఎం.ఆర్.ఐ. ఒక్కొక్కసారి ఎక్కువగాను చూపును. కాబట్టి పెరిగినదో తగ్గినదో తెలియవలెనంటే ఒకే రకమైన పరీక్షను దానితోనే పోల్చవలెను. పాత ఫిల్ములు పారవేయకుడి.

2 సెంటీమీటర్ల వరకు ఉన్న గడ్డను టీ1 అనియు, 2 దాటి 5 వరకు టీ2 అనియు, 5 దాటినచో టీ3 అనియు వైద్యులు వ్రాయుదురు. చంకలోని గ్రంథులను, గడ్డ స్వభావమును కూడ చూచి, ముందు ఆపరేషనా, ముందు మందులా అని నిర్ణయింతురు.

ఇక్కడనే మన విశ్వాసులు కొందరు అపాయములో పడుచున్నారు. మందులకు గడ్డ కరిగి చేతికి తగలనప్పుడు, "ప్రార్థన ఫలించింది, ఇక ఆపరేషన్ ఎందుకు?" అని ఇంటివారు మానిపించుదురు. స్కానింగులో కనబడనంత మాత్రాన కణములు లేవని కాదు. అందుకే వైద్యులు ముందుగానే గడ్డలో చిన్న లోహపు గుర్తు ఉంచి, గడ్డ కరిగినను ఆ చోటును తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు.

లేవీయకాండము 13లో యాజకుడు అనుమానముగల మచ్చను ఏడు దినముల తరువాత మరల చూచెను. మరల చూచుట అవిశ్వాసము కాదు. హిజ్కియాకు దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసిన తరువాత కూడ పుండుమీద అంజూరపు ముద్ద వేయించెను (యెషయా 38). ప్రార్థనయు మందును ఒకదానికొకటి శత్రువులు కావు.

ఆదిలాబాదులో 2008 నుండి రిమ్స్ ఉన్నది. హైదరాబాదులో 1955లో స్థాపింపబడిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. సహోదరులారా, మీ భార్యను, తల్లిని ఒంటరిగా పంపకుడి. సంఘ పెద్దలారా, బస్సు ఖర్చులు లేనివారిని, తోడు లేనివారిని కనిపెట్టుడి. సహోదరీలారా, సిగ్గుపడి గడ్డను దాచుకొనవద్దు.

మన తలవెంట్రుకలను సైతము లెక్కించియున్న దేవుడు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.