నానో మందు మంచిదే.. మరి పేదోళ్లకు అందేదెట్ల?

మా ఊరి అక్క ఒకామెకు తోడుగా తిరుపతికి పోయినప్పుడు కీమో అంటే ఏందో కండ్లారా చూసినా. మూడో కీమో నాటికి తలలో వెంట్రుక మిగల్లా. నీళ్లు తాగినా వాంతే. 'రోగం కన్నా మందే చంపేట్టుందిరా' అనింది.

ఎందుకట్లా? కీమో మందు బిరబిరా పెరిగే కణాలన్నిట్నీ కొడతాది. క్యాన్సర్ కణం అట్లాంటిదే. వెంట్రుక కుదుళ్లు, పేగు లోపలి పొర, రక్తం పుట్టే ఎముక మూలుగ కూడా అట్లాంటివే.

'నానో మందొచ్చింది, క్యాన్సర్ కణాన్నే వెతికి చంపతాది' అని ఫోన్లలో తిరిగేదాంట్లో సగమే నిజం, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా.

మందును సన్న కొవ్వు బుడగలో పెట్టో, అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు పట్టించో ఎక్కిస్తారు. ఆ బుడగలు 800 పక్కపక్కన పేరిస్తే ఒక వెంట్రుక మందం. గడ్డలోని రక్తనాళాలకు సందులు జాస్తి, ఆడ మందు లోపలికి కారతాది. చేనంతా నీళ్లు పారించకుండా మామిడి చెట్టు మొదట్లో డ్రిప్పు పెట్టినట్ల.

ఇది కొత్తదేం కాదు. కొవ్వు బుడగ మందు డాక్సిల్‌కు అమెరికా 1995లోనే అనుమతిచ్చింది, అల్బుమిన్ మందు అబ్రాక్సేన్‌కు 2005లో. డాక్సిల్‌తో గుండెకు దెబ్బ తక్కువ, అది నిజమైన మేలు. అయితే ముదిరిన రొమ్ము క్యాన్సర్లో రోగాన్ని ఆపడంలో పాత మందూ అదీ సమానమేనని 2004లో తేలింది. అరచేతులు, అరికాళ్లు మండేది దీంతో జాస్తి. జంతువుల మీద పదేళ్లు చేసిన పరిశోధనలు కలిపి 2016లో లెక్కేస్తే, ఎక్కించిన నానో కణాల్లో గడ్డకు చేరేది నూటికి ఒకటి కూడా లేదు. డ్రిప్పు పైపుకు ఇంగా చానా బొక్కలుండాయి.

చేసే తెలివి మన దగ్గర లేదా? ఉంది. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2017లో డాక్సిల్ రకం మందును అమెరికాలోనే అమ్మకానికి పెట్టింది. ఆసుపత్రి లేదా? అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే 5న మొదలైంది. అడ్డమొచ్చేది ధర. మామూలు సూది కన్నా నానో సూది ఖరీదు.

కాబట్టి నేనడిగేది ఒకటే. గుండె బలహీనంగా ఉండే కూలామెకు డాక్టరు ఆ సూదే రాస్తే, డబ్బుల్లేవని ఆగిపోకూడదు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏ క్యాన్సర్ మందు ఉచితమో, ఏది కాదో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలుగులో బోర్డు పెట్టాల. మీ మండలంలో మీరే అర్జీ ఇయ్యండి.

ఇంట్లో ఎవరికైనా గడ్డ కనిపిస్తే నానో కోసం కాసుకోని కూర్చోవద్దు, వెంటనే చూపించండి. మా అక్క ఆ పాత కీమోతోనే బతికింది. ఇప్పుడు టమోటా కోతకు పోతా ఉండాది.