తలకు దెబ్బ తగిలినవారి మతినీ పరీక్షించాలి

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద బండి పల్టీ కొట్టినా, ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి జారిపడినా క్షతగాత్రుణ్ని 108 అంబులెన్సులో ఆసుపత్రికి చేరుస్తారు. కేసు విషమిస్తే విశాఖ కేజీహెచ్‌కు పంపుతారు. స్పృహ ఎంతుందో గ్లాస్గో స్కేలు మీద 3 నుంచి 15 లోపు అంకె వేస్తారు. సీటీ స్కాన్ తీస్తారు, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. రోగి లేచి నడిస్తే గండం గడిచిందంటూ డిశ్చార్జి చేస్తారు. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన ఏ స్థితిలో ఉన్నాయో చూసి డిశ్చార్జి చీటీలో రాయడం మాత్రం మన దగ్గర రివాజు కాలేదు. ఇది వైద్యంలో పెద్ద లోటు.

అసలు కష్టం ఇంటికెళ్లాకే బయటపడుతుంది. స్కాన్ బాగుందన్నారు, కానీ పలాస జీడి కార్ఖానాలో పనిచేసే మనిషి లెక్క తప్పుతుంటాడు. చెప్పిన పని మరిచిపోతాడు, చిన్న మాటకే మండిపడతాడు. ‘దెబ్బ తగిలిన కాడి నుంచి మనిషే మారిపోనాడు’ అని ఇంట్లోవాళ్లు కుమిలిపోతారు. కొందరు దెయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికీ తీసుకెళతారు.

దెబ్బ తగిలాక కొత్త సంగతులు మళ్లీ గుర్తుండటానికి ఎన్నాళ్లు పడితే కోలుకోవడం అంత ఆలస్యమని బ్రిటన్ వైద్యుడు రిచీ రసెల్ 1930లలోనే గమనించాడు. కొత్త సంగతులు గుర్తుండని ఆ గందరగోళం గంటలోపు తగ్గితే గాయం స్వల్పం, వారం దాటితే అతి తీవ్రం. దాన్ని రోజూ కొలవడానికి గాల్వెస్టన్ పరీక్ష 1979లోనే వచ్చింది. ఎక్కడున్నావు, ఇది ఏ నెల, ప్రమాదం తర్వాత మొదట గుర్తున్నదేమిటి వంటి ప్రశ్నలే అందులో ఉంటాయి. నర్సుకు నేర్పితే మంచం పక్కనే పది నిమిషాల్లో అయిపోతుంది. తెలివొచ్చిన తొలి వారాల్లో చేసిన ఇలాంటి పరీక్షలు, రోగి మళ్లీ పనిలోకి వెళ్లగలడా అన్నది స్కాన్ చెప్పలేని చోట కూడా సూచిస్తాయి.

తెలుగులో సాధనాలు లేవన్న సాకు చెల్లదు. జ్ఞాపకాన్నీ ఆలోచననూ కొలిచే ఏసీఈ-ఆర్ పరీక్షను హైదరాబాద్ నిమ్స్ పరిశోధకులు తెలుగుకు మలిచారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రూపొందించిన ఇలాంటి పరీక్షల సంపుటి సిద్ధమైన ఐదు భాషల్లో తెలుగు ఒకటి. ఇవి మతిమరుపు జబ్బు కోసం తయారైనవి కాబట్టి తల గాయాలకు సరిచూసుకోవాలి. ప్రశ్నలు మన జనానికి తగ్గట్టూ ఉండాలి. 2011 జనగణనలో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతమైనా లేదు. చదువురాని మనిషిని తారీఖు అడిగి తప్పు చెప్పాడనడం అన్యాయం. ఈ వారం సంత ఏ రోజని అడగాలి.

ఒక్కసారి వచ్చిన మార్కును జాతకంలా చదవకూడదు. మత్తుమందు ప్రభావంలో ఉన్నప్పుడు చేసిన పరీక్షకు విలువ లేదు. తక్కువ మార్కులొచ్చాయని వైద్యం తగ్గించడం నేరం. ఆ రోగికే శిక్షణ, పర్యవేక్షణ ఎక్కువ కావాలి.

రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత చికిత్స లక్షన్నర రూపాయల దాకా, ఏడు రోజులకే. మతి లోపం బయటపడేది ఇంటికెళ్లాకే. మతి దెబ్బతిన్నదని కాగితం మీద లేకపోతే, తర్వాత పరిహారం కేసులో ఆ కుటుంబం ఏం చూపించి అడుగుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వాసుపత్రుల్లో తల గాయంతో చేరిన ప్రతి రోగికీ మతి పరీక్ష తప్పనిసరి చేస్తూ వైద్యారోగ్య శాఖ ఉత్తర్వులివ్వాలి. ఫలితం డిశ్చార్జి చీటీలో ఉండాలి, నెలకూ మూడు నెలలకూ మళ్లీ పిలవాలి, ఆ ఖర్చును ఎన్టీఆర్ వైద్యసేవలో చేర్చాలి. అంతవరకూ తమవాణ్ని ఇంటికి తీసుకెళ్లే ముందు డాక్టరును ‘మతి పరీక్ష చేశారా?’ అని ప్రతి కుటుంబమూ అడగాలి.