పడకల లెక్కకు అందని జబ్బులు

రాజధానిలో వైద్యరంగం గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్పేది పడకల సంఖ్య. ఫలానా చోట ఇన్ని వందల పడకల ఆసుపత్రి మంజూరైనదనీ, ఫలానా చోట శంకుస్థాపన జరిగినదనీ మంత్రులు సభకు విన్నవిస్తారు. మేము రాసి పంపుతాము. ఈ లెక్కలను ఏళ్ళ తరబడి తెలుగు పాఠకులకు చేరవేసినవాడిని కనుక ఆ అలవాటులో నాకూ భాగమున్నది. పడకతో పనిలేని జబ్బులు కొన్ని ఉన్నవనీ, దేశాన్ని ఇప్పుడు పట్టి పీడిస్తున్నవాటిలో అవి ముఖ్యమైనవనీ ఖరగ్‌పూర్ వెళ్ళి వచ్చిన తరువాత గాని నాకు స్పష్టంగా తోచలేదు.

ఖరగ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే అక్కడ జంక్షనును, ఆపైన వర్క్‌షాపును నెలకొల్పిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు కూలీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా అక్కడికి చేరుతూనే వచ్చారు. వారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడు ఆ ఊరివారే. స్టేషను నుంచి ఐ.ఐ.టి. వైపు పోయే దారిలో పూరీ గేట్ వస్తుంది. పేరులో గేటు మిగిలినదే కాని, వాహనాలు ఇప్పుడు ఫ్లైఓవర్ మీదుగా పోతున్నవి. అక్కడ ఒక టీ దుకాణం బల్లమీద నేను కూర్చున్న అరగంటలో విన్న తెలుగు ఢిల్లీలో ఒక నెలలో వినను. ఆ తెలుగులో ఎక్కువసార్లు వినిపించిన మాటలు షుగరు, థైరాయిడు.

వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన పెద్దాయన ఒకరు నా పక్కనే కూర్చున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆయనకు మధుమేహం, భార్యకు థైరాయిడ్ లోపం. “జబ్బుకి నేను అలవాటు పడిపోయాను బాబూ, ప్రయాణానికే అలవాటు పడలేకపోతన్నాను” అన్నారాయన. కలకత్తాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఈ జబ్బుల నిపుణుడున్నాడు. హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు. తెల్లవారుజామున లోకల్ పట్టుకోవాలి. రక్తపరీక్ష పరగడుపున జరగాలి గనుక తినకుండా బయలుదేరాలి. ఇన్సులిన్ తీసుకునేవాడు తినకుండా ప్రయాణం చేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఒకసారి హౌరా ప్లాట్‌ఫారం మీద చెమటలు పట్టి కూలబడితే ఎవరో చక్కెర నోట్లో వేశారట. నిపుణుడు చూసినది అయిదు నిమిషాలు. తరువాతి సారి చూసినవాడు వేరే డాక్టరు. పాత కాగితాలు తిరగవేసే వ్యవధి కూడా ఆయనకు లేకపోయింది.

ఆ డాక్టర్లను నేను తప్పుపట్టను. తప్పు మరొక చోట ఉన్నది. విరిగిన ఎముకకు, పగిలిన అపెండిక్సుకు రోగి ఒకసారి ఎంత దూరమైనా పోవచ్చు. హార్మోనుల జబ్బు అటువంటిది కాదు. మధుమేహం అదుపులో ఉన్నదీ లేనిదీ తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు కావడమే అందుకు కారణం. చక్కెర అదుపు తప్పినవారికి మూడు నెలలకొకసారి ఈ లెక్క చూసి మందు మార్చవలసి ఉంటుంది. ఏటా కంటిపొరను పరీక్షించాలి, మూత్రంలో అల్బుమిన్ పోతున్నదేమో చూడాలి, అరికాలిలో స్పర్శ ఉన్నదా అని తాకి చూడాలి. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ రక్తం చూడాలి. గర్భిణి విషయంలో అంతకాలం కూడా ఆగరాదు. వీటిలో ఏ ఒక్కదానికీ పడక అక్కరలేదు. కావలసినది పరిచయమున్న వైద్యుడు, పోగొట్టని కాగితం, దగ్గరి దారి. ఈ మూడూ లేనప్పుడే కాలికి పుండు పడుతుంది, మూత్రపిండం పాడవుతుంది. అప్పుడు పడక కావలసి వస్తుంది.

భారత వైద్య పరిశోధనా మండలి సహాయంతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం దేశంలో మధుమేహ రోగులు 10.1 కోట్లు, ఆ అంచుకు చేరినవారు మరో 13.6 కోట్లు. ఇందరికీ నిపుణుడే వైద్యం చేయాలనడం అవివేకం. ఎం.డి. తరువాత మరి మూడేళ్ళు చదివితేగాని ఎండోక్రినాలజిస్టు తయారు కాడు. అట్లా తయారైనవారు పెద్ద నగరాలలోనే స్థిరపడుతున్నారు. అందుచేత తొంభై మందిని స్థానిక వైద్యుడు చూసుకుని, తన చేతికి అందని పది మందిని నిపుణునికి చూపే ఏర్పాటు కావాలి. పూరీ గేట్‌లో లోపించినది ఈ ఏర్పాటు.

పూరీ గేట్ దాటితే ఐ.ఐ.టి. వారి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి భవనాన్ని గురించి చెప్పనివారు లేరు. 2021 ఫిబ్రవరి 23న ప్రధానమంత్రి దానిని దూరం నుంచే ప్రారంభించారు. ఇంజనీరింగు విద్యాలయం వైద్యవిద్యకు పూనుకోవడం మంచి ఆలోచనే. అది వృద్ధి పొందాలనే నా కోరిక. ఊరిలో రైల్వేవారి ఆసుపత్రి ఉన్నది, రాష్ట్ర ప్రభుత్వపు ఆసుపత్రి ఉన్నది. అంటే ముగ్గురు యజమానులు. రైల్వే వైద్యం ఉద్యోగికి, పథకంలో చేరిన పెన్షనుదారుకు. ఆ పెన్షనుదారుని కొడుకు ఆటో నడుపుతున్నా, దుకాణంలో పనిచేస్తున్నా రైల్వేకు పరాయివాడే. వర్క్‌షాపు తాతకు ఇచ్చిన వైద్యం మనుమడికి దక్కదు. మధుమేహం మాత్రం వంశపారంపర్యంగా దక్కుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. పిల్లలకు బెంగాలీ, హిందీ ధారాళంగా వచ్చును. ఇల్లు దాటని వృద్ధస్త్రీలకు అంతగా రాదు. మధుమేహ చికిత్సలో సగం వంటింటిలో జరుగుతుంది కదా! చోడి అంబలి ఎంత తాగవచ్చునో, పండుగనాడు అరిసె తిన్న పూట ఏమి మానాలో తెలుగులో చెప్పే నర్సు ఒకరుంటే చాలు. దానికోసమే కొందరు ఏడువందల కిలోమీటర్లు దాటి విశాఖ పోతున్నారని విని ఆశ్చర్యపోయాను.

ఈ సందర్భంలో శ్రీకాకుళం బిడ్డ ఒకరు గుర్తుకు వస్తున్నారు. 1921లో ఆ ఊరిలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌కు సంచాలకులైన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. హిమాలయ పాదాన కాంగ్రా లోయలో గొంతువాపు వ్యాధి మీద ఆయన, సహచరులు 1956లో అధ్యయనం ఆరంభించారు. లోయను భాగాలుగా విడదీసి కొన్నిటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మరొక దానికి మామూలు ఉప్పు అందించారు. అయొడిన్ ఉప్పు తిన్న చోట వ్యాధి కొద్ది సంవత్సరాలలోనే తగ్గుముఖం పట్టింది. 1962లో కేంద్రం జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమం చేపట్టింది. కాంగ్రావాసులను ఢిల్లీకి రమ్మని ఆయన చెప్పలేదు. మందునే వారి ఉప్పు డబ్బాలోకి పంపారు. మధుమేహానికి అటువంటి ఉప్పు లేదు, నిజమే. కాని వైద్యాన్ని రోగి ఇంటివైపు నడిపించాలన్న ఆ పద్ధతి పాతబడలేదు.

నేను కోరేది పెద్దది కాదు. నెలకు రెండు రోజులు నిర్ణీత తేదీలలో కలకత్తా నుంచి ఒక ఎండోక్రినాలజిస్టు ఖరగ్‌పూర్‌కు రావాలి. ముగ్గురు యజమానులలో ఎవరో ఒకరు ఒక గది ఇవ్వాలి. ఆ గదికి రోగి ఎవరి మనిషి అనే ప్రశ్న ఉండరాదు. మిగిలిన రోజులలో స్థానిక వైద్యులు చూసుకుంటారు. బాలల మధుమేహం విషయంలో కలకత్తా ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి మార్గదర్శకత్వాన పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం జిల్లా ఆసుపత్రులలో ఇటువంటి పద్ధతినే చేపట్టింది. పెద్దలకు అది ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు. ఫోనులోనే డాక్టరు కనిపిస్తాడు గదా అని ఢిల్లీలో ఒక అధికారి నాతో అన్నారు. కనిపిస్తాడు. పెద్దాయన అరికాలు మాత్రం ఫోనులో తాకి చూడలేడు.

మూడు శాఖల ఉత్తర్వులు కావాలి గనుకనే ఇది కష్టమని ఆ అధికారే ఒప్పుకున్నారు. రైల్ భవన్‌కూ విద్యా మంత్రిత్వ శాఖకూ మధ్య దూరం ఎక్కువేమీ కాదు. కలకత్తా స్వాస్థ్య భవన్‌కు ఒక ఉత్తరం చాలు. పెద్దాయన మళ్ళీ హౌరా లోకల్ ఎక్కవలసిన తేదీ వచ్చే నెల మొదటి వారంలోనే ఉన్నది. భార్యను కూడా ఈసారి వెంట తీసుకుపోవాలట.